యెహెజ్కేలు గారి గొలుసు

ఆ ఏడు ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు మా ఆయన్ని క్లబ్బు బస్సు మీంచి తీసి, కొత్తగా వచ్చిన ఆటగాడి కారుకి డ్రైవరుగా వేశారు. ఆటగాడు బ్రెజిల్ కుర్రాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పేరు ఎజెకియెల్. మొదటి రోజు డ్యూటీ నుంచి వచ్చిన సిలాస్ బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "యూనీ, ఆ పేరేంటో తెల్సా? యెహెజ్కేలు! మన బైబిల్లో యెహెజ్కేలు!" అన్నాడు, తనే కనిపెట్టినట్టు మురిసిపోతూ. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ అబ్బాయి యెహెజ్కేలు గారైపోయాడు.

ఇల్లంటే షార్జా అల్ నహ్దాలో ఒక ఫ్లాటు. అందులో ఒక గది మాది. రెండో గదిలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన సైదున్నీసా అక్క, ఆవిడ భర్త యాసీన్ ఉండేవారు. వంటిల్లు ఇద్దరిదీ. నేను దుబాయ్ వైపు ఒక క్లినిక్‌లో నర్సుని. మాకు ఒక్కతే కూతురు, లీదియా, అప్పటికి మూడో క్లాసు. నేను డ్యూటీలో ఉంటే సైదక్క చూసేది, అక్క పనికెళ్తే సిలాస్ చూసేవాడు. అలా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతూ పిల్ల పెరుగుతోంది. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సిలాస్‌ది మా పక్కూరే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ సీజన్‌లో మాత్రం సాయంత్రం వచ్చాడంటే చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.

"ఇయ్యాల వాచీ కొన్నారు యూనీ. లోపల చక్రాలు తిరగడం పైకి కనపడిపోద్ది. ముల్లు ఎక్కడుందో చూడ్డానికే నాకు టైం పట్టింది."

"వాచీ మొన్న కొన్నారన్నారు కదండీ?"

"అది వేరు. అది సూట్ మీదకంట."

వాచీల తర్వాత గొలుసులు వచ్చాయి. ఒకదానికి జెర్సీ మీద అంకెని వజ్రాలతో చేయించి వేలాడదీశారు. చెవులకి రాళ్లు, వేళ్లకి ఉంగరాలు. నగల షాపుల వాళ్లే పెట్టెలు పట్టుకుని విల్లాకి వచ్చేవారట. ఈ వారం పెట్టుకున్నది వచ్చే వారం పెట్టుకునేవాడు కాదు. ఒకరోజు సిలాస్ ఉండబట్టలేక, ఇన్ని ఎందుకు సార్ అని అడిగాడట. అందరూ బట్టలు మార్చుకునే గదిలో మెడ బోసిగా కనిపిస్తే, నీకింకా జీతం పడలేదా అని తోటి ఆటగాళ్లు ఏడిపిస్తారని చెప్పి నవ్వాడట. వాళ్లమ్మ ఒకప్పుడు నలుగురిళ్లల్లో బట్టలు ఉతికేదనీ, ఆవిడకి మొదట కొనిచ్చింది వాషింగ్ మెషీననీ కూడా చెప్పాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకూ ఆ కుర్రాడి మీద కోపం రాలేదు.

భయం మాత్రం వేసేది. ప్రాక్టీసుకి దిగే ముందు ఒంటి మీదవన్నీ కారులోనే తీసి, ఒక మేజోడులో వేసి, "సిలాస్, కీప్" అని చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చేదాకా సిలాస్ కారు దిగేవాడు కాదు. టీకి పిలిచినా వెళ్లేవాడు కాదు. మంచినీళ్లు తాగితే మళ్లీ దిగాల్సొస్తుందని దాహం కూడా ఆపుకునేవాడు.

"వద్దని చెప్పండి. క్లబ్బులో లాకర్లుంటాయి కదా," అన్నాను.

"ఎలా చెప్తానే? నమ్మి చేతిలో పెడుతున్నాడు. వద్దంటే ఏదో ఉందనుకోడా?"

అదీ నిజమే.

అతను కొన్నవన్నీ ఫోన్‌లో అందరికీ కనిపించేలా పెట్టేవాడు. లీదియా నా ఫోన్ లాక్కుని ఆ వీడియోలు చూసేది. ఒకదాంట్లో మంచం నిండా గొలుసులూ వాచీలూ పరిచి, మధ్యలో పడుకుని నవ్వుతున్నాడు. వెనక అలమర తలుపు తీసే ఉంది. లోపల ఇనప్పెట్టె కనిపిస్తోంది. సైదక్క ఉల్లిపాయలు తరుగుతూ తొంగి చూసింది.

"ఏందమ్మా గిది? రాండ్రి, ఈడనే ఉన్నయ్, తీస్కపోండ్రి అని దొంగలకు చెప్పినట్టున్నది," అంది.

సిలాస్ ఆ మాట తనకొచ్చిన ఇంగ్లీషులో యజమానికి చేరవేశాడు. అతను వెనక సీట్లోంచి భుజం తట్టి, ఇది దుబాయ్ సిలాస్, ఇక్కడ దొంగలుండరు అన్నాడట.

క్రిస్మస్ అయిన రెండో రోజు అతను మా ఇంటికొచ్చాడు. పిలిచింది సిలాసే, వస్తాడని మాత్రం అనుకోలేదు. సైదక్క, నేనూ కలిసి బిర్యానీ చేశాం. రొయ్యల వేపుడు నేను చేశాను. అంత పొడుగు మనిషి మా గదిలో ఎక్కడ కూర్చోవాలో తెలియక చివరికి లీదియా మంచం మీద కూర్చున్నాడు. మెడలో పెద్ద గొలుసులేవీ లేవు. సన్నటి బంగారు గొలుసు ఒకటి, దానికి చిన్న సిలువ, సిలువ మధ్యలో ఒకే ఒక్క రాయి. రొయ్యలు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని, "మా అమ్మ," అన్నాడు. ఆ తర్వాత గిన్నె ఖాళీ చేశాడు. లీదియా సండేస్కూల్లో నేర్చుకున్న పాట పాడింది. అతనూ వాళ్ల భాషలో ఏదో పాడాడు. ఇద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు. యాసీన్ భాయ్ నా ఫోన్‌తో అందరికీ ఫోటో తీశాడు.

కిందకి దింపడానికి మేం ముగ్గురం లిఫ్ట్ దాకా వెళ్లాం. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. అతను ఒక కాలు లోపల పెట్టి ఆగి, వెనక్కి తిరిగి, మెడలో గొలుసు తీసి వంగి లీదియా మెడలో వేశాడు. నేను కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు సార్. చిన్నపిల్ల."

"క్రిస్మస్," అన్నాడు అతను. లీదియా బుగ్గ మీద వేలితో కొట్టి లోపలికెళ్లాడు. తలుపు మూసుకుంది.

గదిలోకి వచ్చాక ఇది తిరిగిచ్చేద్దాం అని సిలాస్‌తో గొడవ పెట్టుకున్నాను. వాళ్లకది లెక్కలోది కాదు, ఇచ్చినదాన్ని తిరిగి మొహాన కొడితే ఎంత నొచ్చుకుంటాడో ఆలోచించమన్నాడు. మర్నాడు కారులో సిలాస్ థాంక్స్ చెబితే, లీదియా బాగా పాడింది అన్నాడట అతను. పిల్ల అది తీయనంది. స్కూలుకి మాత్రం వద్దని, ఇంటికి రాగానే వేసుకోనిచ్చేదాన్ని.

జనవరి మూడో వారంలో వాళ్లకి అల్ ఐన్‌లో ఆట పడింది. జట్టంతా బస్సులో వెళ్లింది కాబట్టి సిలాస్‌కి సెలవు. ఆ సాయంత్రం మేం ముగ్గురం ఇంట్లోనే ఉండి టీవీలో ఆట చూశాం. యెహెజ్కేలు గారు ఒక గోల్ కొట్టాడు. సిలాస్ మంచం మీద నిలబడి కేకలు పెడితే సైదక్క గోడ మీద కొట్టింది. సరిగ్గా ఆ సమయానికే దుబాయ్‌లో అతని విల్లా వెనక గోడ దూకి, బాత్రూం కిటికీ తీసి, ఎవరో లోపలికి వెళ్లారు. అతని భార్య షాపింగ్‌కి వెళ్లింది, పనిమనిషి కూడా ఆమెతోనే ఉంది. వేరే ఏ గదిలోకీ వెళ్లలేదు, ఏ డ్రాయరూ లాగలేదు. తిన్నగా పడగ్గదికి వెళ్లి, ఆ అలమరలోని ఇనప్పెట్టెని ఉన్నదున్నట్టు పెకలించుకుపోయారు.

ఇంటి సంగతి తెలిసినవాళ్లే చేశారని పోలీసులు అనుకున్నారు. ఎవరికైనా అదే తోస్తుంది. ఆ వీడియో లక్షలమంది చూశారని తర్వాత అందరికీ గుర్తొచ్చింది గానీ, మొదట గుర్తొచ్చేది ఇంట్లో తిరిగే మనిషే కదా. పనిమనిషిని అడిగారు, తోటమాలిని అడిగారు. సిలాస్‌ని రెండుసార్లు పిలిచి పంపించారు. మూడోసారి వాళ్లే మా ఇంటికొచ్చారు.

మధ్యాహ్నం వేళ. లీదియా అప్పుడే స్కూలు నుంచొచ్చి అన్నం తింటోంది. ఇద్దరు మామూలు బట్టల్లో, ఒకావిడ యూనిఫారంలో. మర్యాదగానే మాట్లాడారు. చెప్పులు బయట విడవాలా అని కూడా అడిగారు. మా పెట్టెలు, బీరువా, పరుపు కింద, బియ్యం డబ్బా చూశారు. ఏమీ లేవు. వెళ్లిపోతారనుకుంటుండగా ఆ పోలీసావిడ లీదియా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నవ్వుతూ ఇంగ్లీషులో అడిగింది.

"చాలా బాగుందే! ఎవరిచ్చారు?"

"యెహెజ్కేలు అంకుల్," అంది లీదియా, నోట్లో ముద్దతోనే.

ఆవిడ తన ఫోన్ తీసి ఏదో చూసింది. ఆటగాడి వ్యవహారాలు చూసే ఏజెంటు అతని నగలన్నిటి ఫోటోలూ వాళ్లకి ఇచ్చాడు. ఆ సన్నటి గొలుసు, ఒంటి రాయి సిలువ అందులో ఉన్నాయి. పెట్టెతో పాటు అదీ పోయిందని ఏజెంటు చెప్పాడట.

"గిఫ్ట్ మేడమ్. క్రిస్మస్ గిఫ్ట్. సార్ ఇచ్చారు," అన్నాడు సిలాస్.

"ఇచ్చినట్టు ఏమైనా ఉందా?"

నేను నా ఫోన్‌లో ఫోటో వెతికి చూపించాను. లీదియా మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడతను. పక్కన మా కర్టెన్, మా బిర్యానీ గిన్నె. గొలుసు అతని మెడలోనే ఉంది. ఆవిడ ఆ ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"దీని తర్వాతది?"

దాని తర్వాత ఫోటో లేదు. లిఫ్ట్ దగ్గర ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది?

ఆవిడే నెమ్మదిగా పిల్ల మెడ వెనక కొక్కెం విప్పింది. జుట్టు చిక్కుకుంటే ఓపిగ్గా తీసింది. బ్యాగులోంచి చాక్లెట్ తీసి లీదియా పళ్లెం పక్కన పెట్టింది. సిలాస్ చొక్కా మార్చుకుంటానని అడిగి, ఆదివారం గుడికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. "సాయంత్రానికి వచ్చేస్తాను. సార్‌కి ఫోన్ చేస్తే చెప్పేస్తారు," అన్నాడు నాతో. వాళ్లు వెళ్లాక లీదియా అన్నం కలుపుతూ కూర్చుంది గానీ తినలేదు.

"మమ్మీ, నేను వద్దనాల్సిందా?"

"లేదమ్మా. నువ్వేం చేశావు?"

"ఆంటీ అడిగితే చెప్పకూడదా?"

నేను పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

సిలాస్ ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు.

యెహెజ్కేలు గారికి నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూసినట్టు తెలుస్తోంది, జవాబు లేదు. ఇంతలో అతన్ని టర్కీ క్లబ్బుకి ఇచ్చేస్తున్నారని వార్త వచ్చింది. దొంగతనమయ్యాక భార్య ఆ ఇంట్లో ఉండనంటోందట. జనవరి దాటితే ఆటగాళ్లు క్లబ్బులు మారడం కుదరదు కాబట్టి ఉన్న నాలుగు రోజుల్లోనే అంతా జరిగిపోతోంది. నేను క్లినిక్‌లో సెలవు పెట్టి విల్లాకి వెళ్లాను.

గేటు తీసే ఉంది. వరండా నిండా అట్టపెట్టెలు. అతను నన్ను చూసి గబగబా వచ్చాడు. మెడలో ఏమీ లేవు, చెవులూ బోసిగా ఉన్నాయి. అలా చూస్తే మా ఊళ్లో కాలేజీకి పోయే కుర్రాడిలా ఉన్నాడు. వెనకే ఏజెంటు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు.

"సిలాస్ గుడ్ మేన్," అన్నాడు అతను నా రెండు చేతులూ పట్టుకుని. "వెరీ గుడ్ మేన్."

"ఆ మాటే పోలీసులకి చెప్పండి సార్. గొలుసు మీరే ఇచ్చారని ఒక్క మాట. మీకు గుర్తుంది కదా?"

"యెస్, యెస్. లిఫ్ట్. లీదియా." తన మెడ దగ్గర చెయ్యి పెట్టి, గొలుసు తీసి వేసినట్టు చూపించాడు కూడా.

ఏజెంటు వాళ్ల భాషలో ఏదో అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అతని చేతులు నా చేతుల్లోంచి జారిపోయాయి. అప్పుడు ఏజెంటు నా వైపు తిరిగి, రోగి తాలూకు వాళ్లకి డాక్టర్లు చెప్పే పద్ధతిలో, నిదానంగా చెప్పాడు.

"చూడమ్మా, పోయినవాటికి ఇన్సూరెన్స్ ఉంది. వాళ్లు ఇప్పుడు ఒక్కో వస్తువు గురించీ ఆరా తీస్తున్నారు. ఇందులో ఒకటి దొంగలు పట్టుకుపోలేదు, ఇతనే ఎవరికో ఇచ్చాడని ఇప్పుడు చెబితే, మిగతావి మాత్రం పోయాయని నమ్మకమేంటి అంటారు. పోలీసులకి మొదట చెప్పింది తప్పని కూడా అవుతుంది. కొంచెం ఆగండి. అంతా సర్దుకున్నాక చెప్తాడు."

"అప్పటిదాకా మా ఆయన లోపలుండాలా సార్?"

"అది పోలీసుల పని. మా చేతిలో లేదు."

నేను యెహెజ్కేలు గారి మొహంలోకి చూశాను. అతను అట్టపెట్టెల వైపు చూస్తున్నాడు. గేటు దాకా నాతో నడిచొచ్చాడు. "లీదియా ఓకే?" అని అడిగాడు. స్కూలుకెళ్తోందని చెప్పాను. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. "ఐ ప్రే," అన్నాడు. ఏడుస్తున్నవాణ్ని అక్కడే వదిలి గేటు దాటాను. మెట్రో ఎక్కాక గానీ నాకు మాటలు రాలేదు. అక్కడ వినేవాళ్లెవరూ లేరు.

రెండు రోజులకి అతను వెళ్లిపోయాడు.

శ్యాంప్రసాద్ అని కరీంనగర్ ఆయన, ఒక లాయర్ ఆఫీసులో అరబ్బీ కాగితాలు తర్జుమా చేస్తారు. యాసీన్ భాయ్‌కి తెలిసినవాడు. ఆయన కేసు కాగితాలు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వాడొక్క మాట చెప్తె ఖలాస్ చెల్లె. నేనే ఇచ్చిన, అంతే. వాడు చెప్పకపోతె మనం ఎన్ని చెప్పినా గది మనింట్ల దొరికిన దొంగసొమ్మే."

"మా పాప చెప్పింది కదండీ."

"చిన్నపిల్ల, అందులో బిడ్డ. తండ్రి కోసం చెప్పదా అంటరు."

ఫిబ్రవరి అలాగే పోయింది. సిలాస్ లోపల్నుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. లైను ఎప్పుడు తెగిపోతుందో అని ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్లం.

"చెప్తాడు యూనీ. కొత్త ఊరు, కొత్త జట్టు, ఒత్తిడిలో ఉంటాడు. చెప్పకుండా ఉండడు."

"ఊఁ."

"అక్కడ ఆడుతున్నాడా? గోల్ ఏమైనా కొట్టాడా?"

నాకు ఒళ్లు మండిపోయేది. అయినా చూసి చెప్పేదాన్ని. కొట్టాడనే చెప్పేదాన్ని, ఎందుకంటే నిజంగానే కొడుతున్నాడు.

ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా లీదియా సైదక్క ఫోన్ తీసుకుని, నా ఫోన్‌లో చూసి రాసుకున్న యెహెజ్కేలు గారి నంబరుకి మాట రికార్డు చేసి పంపింది. "అంకుల్, ప్లీజ్ టెల్ పోలీస్ యూ గేవ్ మీ" అని. తర్వాత అక్క నాకు చూపించింది. అతను విన్నట్టు గుర్తు పడింది. అంతే. లీదియా పదిసార్లు తీసి చూసుకుంది. మరుసటి వారం నుంచి చూడ్డం మానేసింది.

మా ప్రార్థన కూటంలో అందరూ మంచివాళ్లే. మా కోసం ఉపవాసం ఉన్నారు. నిలబడి ఒకామె గట్టిగా ప్రార్థన చేసింది. దారి తప్పిన సహోదరుడు సిలాస్‌కి తన తప్పు ఒప్పుకునే మనసు దయచేయమని దేవుణ్ని అడిగింది. చుట్టూ అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన లీదియా కూడా, అలవాటు కొద్దీ, ఆమెన్ అంది. నేను పిల్లని లేపుకుని బయటికొచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

మార్చిలో దొంగలు దొరికారు. వేరే ఎమిరేట్‌లో ఇంకో ధనవంతుడి ఇంట్లో పడుతూ చిక్కారు. ఆటగాళ్లూ, డబ్బున్నవాళ్లూ ఫోన్లలో పెట్టే వీడియోలు చూసి, వాళ్లు ఊళ్లో లేని వేళ చూసుకుని వచ్చే ముఠా అది. ఇనప్పెట్టె ఎడారిలో దొరికింది, కొన్ని వాచీలూ దొరికాయి. సిలాస్ ఎవరో వాళ్లకి తెలియదు. నేను శ్యాంప్రసాద్ గారి ఆఫీసుకి పరిగెత్తాను. ఆయన మొహంలో నేననుకున్నంత సంతోషం లేదు.

"విల్లా కేసు నుంచి సిలాస్ బయటపడ్డట్టే. కని గొలుసు సంగతి వేరే అయింది. అది పెట్టెల లేదని దొంగలే చెప్తున్నరు. మరి డ్రైవర్ ఇంటికెట్లొచ్చింది? వాడు నగలు కార్లనే తీసి సిలాస్‌కు ఇచ్చేటోడు కదా, అందులకెల్లి ఒకటి ఉంచుకున్నడు అనుకుంటున్నరు."

నమ్మి చేతిలో పెట్టిన ఆ మేజోడు విషయం సిలాస్ తనే దాచకుండా వాళ్లకి చెప్పాడు.

ఏప్రిల్‌లో అక్కడ ఎన్నడూ లేనంత వాన పడింది. అల్ నహ్దా అంతా మునిగింది. కరెంటు లేదు, లిఫ్ట్ లేదు, కింద కార్లు తేలాయి. సైదక్క, నేను బకెట్లతో మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాం. నీళ్లు ఇంకా పూర్తిగా తియ్యకముందే శ్యాంప్రసాద్ గారు ఫోన్ చేశారు. తనాజుల్ వచ్చింది, సిలాస్‌ని వదిలేస్తున్నారు అన్నారు. తనాజుల్ అంటే ఏంటో నాకు తెలియదు. "వాడు ఫిర్యాదు వాపసు తీస్కున్నడు చెల్లె. ఇన్సూరెన్సోళ్లతోని ఆళ్ల లెక్క తెగిపోయినట్టుంది," అన్నారు ఆయన. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి, "ముందు మనిషిని తెచ్చుకో," అన్నారు.

మోకాలి లోతు నీళ్లల్లో రోడ్డు దాటి, దొరికిన టాక్సీలో స్టేషనుకి వెళ్లాను. సిలాస్ అదే తెల్ల చొక్కాలో ఉన్నాడు. అది అతనికి వదులైపోయింది. బల్ల వెనక కుర్ర ఆఫీసరు ఫోన్ మాట్లాడుతూనే కాగితం అతని ముందుకి తోసి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించాడు. సిలాస్ చేశాడు.

"ఖలాస్," అన్నాడు ఆఫీసరు ఫోన్ పక్కన పెట్టి, హిందీలో. "నీ సాబ్ నిన్ను మాఫ్ చేశాడు. వెళ్లు."

సిలాస్ కదల్లేదు.

"దేనికి మాఫ్ సార్?"

"గొలుసు. నువ్వు తీసినా పర్వాలేదు, క్షమించానని రాసిచ్చాడు. మంచి మనిషి. వెళ్లు."

"నేను తియ్యలేదు సార్. ఆయనే ఇచ్చాడు. ఇచ్చానని రాయలేదా?"

ఆఫీసరు కాగితం మళ్లీ తీసి చదివాడు. పాపం, శ్రద్ధగానే చదివాడు. "లేదు. క్షమించానని ఉంది. ఇచ్చానని లేదు."

"అయితే ఆ మాట మార్చమని..."

"భాయ్," అన్నాడు ఆఫీసరు, కోపం లేకుండానే. "ఇంటికి వెళ్లాలనుందా, ఉండాలనుందా?"

సిలాస్ ఆ బల్ల అంచు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్లూ చెప్తాడు, చెప్తాడు అని పెట్టుకున్న ఆశ అంతా ఆ కాగితంలోనే ఉందన్నట్టు దాని వైపే చూస్తున్నాడు. వెనక ఇంకెవరో వాళ్ల పనికోసం నిలబడి ఉన్నారు. నేను వెళ్లి ఒక్కో వేలూ బల్ల మీంచి విడిపించి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. టాక్సీలో అతను అడిగింది ఒక్కటే. "లీదియా ఇంట్లోనే ఉందా?"

ఇంటికొచ్చినా క్లబ్బు అతన్ని తీసుకోలేదు. అక్కడి ఆఫీసు మేనేజరు నాతో బాగానే మాట్లాడాడు. మాఫీ అంటే తప్పు జరిగినట్టే కదమ్మా, మా చేతిలో ఏముంది అన్నాడు. వీసా రద్దు చేసి టిక్కెట్టిచ్చారు. వేరే పని వెతుక్కుందామంటే, ఎందుకు తీసేశారు అన్న ప్రశ్న దగ్గరే ప్రతిచోటా ఆగిపోయేది. స్కూల్లో లీదియాకి కొత్త క్లాసు మొదలై నెల కూడా కాలేదు. కానీ నా డ్యూటీలకి పిల్లని ఒక్కదాన్నే ఎక్కడ ఉంచను? తండ్రితో పంపించేశాను. ఇద్దరూ ఊరికెళ్లాక ఆ గది నాకొక్కదానికి ఎందుకని ఖాళీ చేసి, దుబాయ్ సత్వాలో నలుగురు నర్సులుండే గదిలో ఒక మంచం తీసుకున్నాను. సామాను దించుతుంటే సైదక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. "నేనే ముందు అన్న గదనే, దొంగలను పిలుస్తున్నడని. నా నోట్ల మన్నువడ," అంది. ఆవిడ తప్పు కూడా ఏమీ లేదు. ఈ మొత్తం విషయంలో తప్పు ఎవరిదో పట్టుకుందామంటే నాకు చేతికి చిక్కదు. దొంగలున్నారు, వాళ్లు దొరికారు. వాళ్ల మీద నాకు కోపం కూడా లేదు.

మే ఆఖరున, సీజన్ ముగిశాక, ఒక మధ్యాహ్నం సిలాస్ వీడియో కాల్ చేశాడు. రాజోలులో స్కూలు బస్సు నడపడానికి మాట్లాడుకున్నాడట, జూన్‌లో బళ్లు తెరిచాక మొదలు. లీదియా వచ్చి కొబ్బరి నీళ్లు తాగుతున్న గ్లాసు చూపించి వెళ్లిపోయింది. కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు ఉన్నట్టుండి, "యెహెజ్కేలు గారు మెసేజ్ పెట్టారు," అన్నాడు.

"ఏమని?"

"దేవుడు గొప్పవాడు సిలాస్, అంతా బాగైపోయినందుకు సంతోషం అని. చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. లీదియాకి ముద్దులు చెప్పమన్నారు."

నా గదిలో మిగతావాళ్లు నిద్రపోతున్నారు. నేను ఫోన్ పట్టుకుని మెట్ల మీదకి వచ్చాను.

"మీరేం పెట్టారు?"

అతను ఫోన్‌ని మొహం మీంచి పక్కకి తిప్పాడు. తెర మీద మా ఇంటి గోడ, గోడకి ఆరేసిన లీదియా గౌను మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏం పెడతాను యూనీ," అన్నాడు. "థాంక్యూ సార్ అని పెట్టాను."